గోడవారన మంచం

ఓబులేసుకు వాసన పడటం లేదు. అదీ అతని బాధ.

మఠంలో ఏళ్ల తరబడి వంట చేసి, పాటలు పాడి ముసలివాడైన తిరుపాలుకు బుగ్గ లోపల పుండు లేచింది. పట్నం డాక్టరు చూసి, కోసి తీసేసే దశ దాటిపోయిందన్నాడు. నొప్పికి మాత్రలూ, నోరు కడగడానికి మందునీళ్లూ ఇచ్చి, "శుభ్రంగా ఉంచండి. పలచగా ఏదైనా తాగిస్తూ ఉండండి. దగ్గర ఒక మనిషి ఉండాలి" అని చెప్పి పంపించాడు.

ఆ మనిషిని నేనేనంటూ ఓబులేసు తనంతట తానే ముందుకొచ్చాడు. ఎవరూ తోసింది కాదు.

రావడానికి కారణం ఉంది. ఓబులేసుకు పాట నేర్పింది తిరుపాలే. మోకాలికి మోకాలు ఆనించి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పేవాడు. ఓబులేసు కళ్లు పుస్తకం మీదికి పోతే చాలు, గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకునేవాడు.

"నా నోరు చూడు అబ్బీ. పాట కాగితంలో ల్యా, ఈడుంది" అనేవాడు, వక్కాకుతో ఎర్రబడ్డ నోరు బార్లా తెరిచి.

అలా నోరు చూసి నేర్చుకున్న పాటలకు ఇప్పుడు ఓబులేసుకు మంచి పేరే వచ్చింది. సోమవారం సాయంత్రం పొలం పనులు ముగించుకుని భజనకొచ్చే జనం అతను గొంతెత్తితే తలలూపుతారు. ఈ ఒళ్లు వట్టి తోలుతిత్తి, దీన్ని చూసి మురవొద్దు, దీన్ని చూసి రోయవద్దు అని పాడి, ఎవరైనా అర్థం అడిగితే పాటకన్నా బాగా చెబుతాడు. ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉండేది. ఉన్నదాన్ని లేదనడం ఎందుకు?

తీరా ఆ తోలుతిత్తి నిజంగానే చిల్లుపడి ఎదురుగా మంచం మీద పడుకునేసరికి, మొదటిరోజు గడపలోనే అతను ముక్కు మూసుకున్నాడు.

ఓబులేసు మంచివాడు. పారిపోలేదు. ఉపాయాలు వెతికాడు. ముందు సాంబ్రాణి వేశాడు. గది నిండా పొగ కమ్ముకుని ముసలాయన దగ్గీ దగ్గీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అది మానేసి, తువ్వాలు కొసలో కర్పూరం ముడేసి ముక్కుకు కట్టుకున్నాడు. అదీ చాలక ఊపిరి బిగబట్టడం అలవాటు చేసుకున్నాడు. ఒక ఊపిరికి నోరు కడిగించడం. బయటికి పోయి గాలి పీల్చుకు రావడం. ఇంకో ఊపిరికి దిండుమీది గుడ్డ మార్చడం. మళ్లీ బయటికి. సేవంతా ఊపిరి చాలినంత వరకే సాగేది. ఊపిరి బిగబట్టినవాడు మాట్లాడలేడు కాబట్టి ఆ గదిలో మాటలు కూడా ఆగిపోయాయి.

ఒకనాడు తిరుపాలు నాలుక సరిగా తిరగకపోయినా కూడదీసుకుని అడిగాడు.

"కంపు కొడతాందా అబ్బీ?"

"ల్యా తాతా. ఏమీ ల్యా" అన్నాడు ఓబులేసు, తువ్వాలు వెనకనుంచి.

ఆ తర్వాత ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఓబులేసు అడుగుల చప్పుడు వినబడితే చాలు, ఇంకాస్త గోడకు ఒదిగిపోయేవాడు. చివరికి గంజి తాగడం కూడా మానేశాడు. చెంచా పెదవులకు తగిలిస్తే పళ్లు బిగించేసేవాడు. నిన్న పొద్దుట పెట్టిన గంజి పెట్టినట్టే వెనక్కి వచ్చింది. నిన్న సాయంత్రమూ అంతే. ఈ రోజు పొద్దున కూడా అంతే అయ్యేసరికి ఓబులేసుకు భయం పట్టుకుంది.

గిన్నె చేతిలో పట్టుకునే గురువు దగ్గరికి పోయాడు. నారపస్వామి మఠం వెనక కాపుమీదున్న వంగమొక్కలకు పాదులు చేస్తున్నాడు.

"సామీ, నావల్ల అయ్యేట్టు ల్యా."

"ఏది నాయనా?"

"వాసన సామీ. పోనీ, దాన్ని ఎట్లో ఓర్చుకుంటాండా. ఆయనకు నామీద కోపమొచ్చింది. గోడపక్కకు తిరిగి పండుకుంటాండాడు. నోరు తెరవమంటే తెరవడు. నిన్నట్నుంచి కడుపులోకి ఏమీ పోలా. ఇట్లయితే ఎన్నాళ్లుంటాడు?" ఓబులేసు గిన్నె ముందుకు చాపాడు. "నా చేతుల్లో పోతాడేమో సామీ. నాకు పాట పెట్టిన మనిషి. ఇంకెవరినన్నా పెట్టండి."

నారపస్వామి గిన్నెలోకి చూశాడు. గంజి మీద మీగడలా పొర కట్టింది. చేతులకంటిన మట్టి దులుపుకుని లేచాడు.

"సరేలే. నేను చూసుకుంటా."

అంత తేలిగ్గా సరేననేసరికి ఓబులేసుకు లోపల ఎక్కడో చివుక్కుమంది. కాస్తయినా బతిమాలతాడనుకున్నాడు మరి.

"అయితే ఒకటి అబ్బీ. ఈ పని చేసి శానా ఏండ్లయింది. చేతులు మరిచిపోయుంటాయి. ఆయన దగ్గరికి పొయ్యే ముందు నీమీద ఒకసారి చేసి చూసుకుంటా. శుభ్రంగా నీళ్లు పోసుకుని వచ్చి నా మంచంలో పండుకో."

ఓబులేసు సబ్బుతో రుద్దుకుని స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని వచ్చి పడుకున్నాడు. గురువు మంచంలో పడుకోవడం సిగ్గనిపించింది. కాస్త ముచ్చటగా కూడా అనిపించింది.

కొంచెంసేపటికి నారపస్వామి వచ్చాడు. గడపలో ఆగాడు. పైపంచె ముక్కుమీదుగా తెచ్చి తల వెనక గట్టిగా ముడివేశాడు. లోపలికి రాబోయే ముందు గుండెనిండా ఊపిరి పీల్చుకుని బిగబట్టాడు. ఆ చప్పుడు ఓబులేసుకు స్పష్టంగా వినబడింది.

తర్వాత అంతా గబగబా జరిగింది. గురువు చేయి బారున చాచి, తాను మాత్రం ఎడంగా నిలబడి, తడిగుడ్డతో ఓబులేసు మొహం తుడిచాడు. మొహం కేసి చూడలేదు. దిండు సర్దాడు. చూపు కిటికీ మీదే ఉంది. సగంలో గుడ్డ వదిలేసి విసవిసా గడప దాకా పోయి, బయటికి తల పెట్టి ఊపిరి పీల్చుకుని మళ్లీ వచ్చాడు.

ఓబులేసు కొంచెంగా తల వంచి తన భుజం వాసన చూసుకున్నాడు. సబ్బు వాసనే. చంక వైపు కూడా చూసుకున్నాడు. ఏమీ లేదు. అయినా అనుమానం పోలేదు. ఏముందో, తనకు తెలియడం లేదేమో!

"సామీ, నా దగ్గర ఏమన్నా వాసనొస్తాందా?"

"ల్యా నాయనా. ఏమీ ల్యా" అన్నాడు గురువు, పంచె వెనకనుంచి.

ఓబులేసు ఆ మాట నమ్మలేదు.

గురువు మజ్జిగ గ్లాసు తెచ్చాడు. మెడ పక్కకు తిప్పుకుని, చెంచా మాత్రం ముందుకు చాచి, "నోరు తెరువు అబ్బీ" అన్నాడు.

తాగుదామనే అనుకున్నాడు ఓబులేసు. నోరు తెరుచుకోలేదు. తెరిస్తే తన ఊపిరి ఎక్కడ ఆయనకు తగులుతుందోనని పెదవులు వాటంతటవే బిగుసుకున్నాయి. ఒళ్లంతా ముడుచుకుపోయింది. ఏం చేస్తున్నాడో తెలిసేలోపే, గోడవైపు తిరిగిపోయాడు.

కళ్ల ముందు సున్నం గోడ. ముక్కుకు జానెడు దూరంలో.

వెనక పైపంచె ముడి విప్పిన చప్పుడు వినబడింది.

"పర్వాలేదు, చేతులు మరిచిపోలా" అన్నాడు నారపస్వామి. మజ్జిగ గ్లాసు మంచం పక్కన పెట్టి, వంగమొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లిపోయాడు.

ఓబులేసు గోడను చూస్తూ చాలాసేపు పడుకునే ఉన్నాడు. తర్వాత లేచి, వంటింట్లోకి పోయి కొత్తగా గంజి కాచి, పలచగా వడగట్టి, ఊది ఊది చల్లార్చాడు. తువ్వాలును దండెం మీద ఆరేసి, తిరుపాలు గదికి నడిచాడు.

గడపలో వాసన ఎప్పటిలాగే ఎదురొచ్చింది. గురువు ఏమన్నా మంత్రం వేశాడా, తగ్గడానికి! ఓబులేసు ఊపిరి బిగబట్టకుండా లోపలికి పోయి కూర్చున్నాడు. కడుపులోంచి తన్నుకొచ్చింది. బయటికి పరుగెత్తి, గోడ చాటున కక్కి, నోరు పుక్కిలించుకుని తిరిగొచ్చాడు.

"కక్కొచ్చినా తాతా" అన్నాడు. "మళ్లా వచ్చినా."

గోడవైపున్న వీపు కదల్లేదు.

ఓబులేసు నులకమంచాన్ని రెండు చేతులా పట్టుకుని గోడనుంచి ఇవతలికి లాగాడు. మంచం కోళ్లు నేలమీద కిర్రుమన్నాయి. ముసలాయన ఉలిక్కిపడి పట్టె పట్టుకున్నాడు. మంచానికీ గోడకూ మధ్య ఏర్పడిన సందులోకి దూరి, గోడకు వీపు ఆనించి చతికిలబడ్డాడు ఓబులేసు. మోకాళ్లు మంచం పట్టెకు ఆనాయి.

అప్పుడు కనబడింది. తిరుపాలు దుప్పటి కొసను ఉండచుట్టి నోటికి అడ్డం పెట్టుకుని, గట్టిగా అదిమి పట్టుకుని ఉన్నాడు. చాలాసేపటినుంచి పట్టుకున్నట్టుంది, వేళ్లు తెల్లబడిపోయాయి. ఇన్ని రోజులూ తాను తువ్వాలు కట్టుకున్నది తనకోసం. ఈయన గుడ్డ అడ్డం పెట్టుకున్నదీ తనకోసమే.

దుప్పటి లోపలినుంచి మాట వచ్చింది.

"కంపు కొడతాంది గదా అబ్బీ?"

"కొడతాంది తాతా."

"శానానా?"

"శానా కొడతాంది. నేనైతే యాడికీ పోను."

ముసలాయన కళ్లలోకి నీళ్లొచ్చాయి. ఓబులేసు కళ్లలోకి కూడా వచ్చాయి. అతను ఆ దుప్పటి కొసను మెల్లగా వేళ్లనుంచి విడిపించాడు. తర్వాత తిరుపాలు గడ్డం పట్టుకుని, ఎప్పుడో తనను ఆయన తిప్పినట్టే, తనవైపు తిప్పుకున్నాడు.

"నా నోరు చూడు తాతా" అని తన నోరు బార్లా తెరిచాడు.

తిరుపాలు చూశాడు. పుండున్న బుగ్గ ముందు వణికింది, తర్వాత నవ్వొచ్చింది. నొప్పితో మొహం చిట్లిస్తూనే నవ్వాడు. నవ్వుకు నోరు తెరుచుకుంది. పాటలన్నీ వచ్చిన నోరు అది. ఓబులేసు చెంచా లోపలికి పెట్టాడు.

గంజి గొంతు దిగింది. ఇంకో చెంచా. ఇంకోటి. గిన్నె ఖాళీ అయ్యేసరికి ఓబులేసుకు ఎంత కృతజ్ఞత కలిగిందంటే, ఎవరికి దండం పెట్టాలో తోచక ఆ ఖాళీ గిన్నెకే పెట్టుకున్నాడు. ముక్కు ఎప్పుడు ఊరుకుందో అతను గమనించలేదు. లోపలికీ బయటికీ తిరిగినన్నాళ్లూ గడప దాటినప్పుడల్లా కొత్తగా తగిలిన వాసన, కూర్చుండిపోయాక పాతబడిపోయింది.

ఆ రోజు సోమవారం. భజన ఓబులేసు లేకుండానే సాగింది. తిరుపాలు గదిలోంచి మాత్రం సన్నగా ఒక పాట వినబడుతూ ఉంది. మధ్యలో ఒకచోట ఆగి, ఎవరో దిద్దినట్టు, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

మర్నాడు పొద్దున నారపస్వామి ఒడినిండా వంకాయలతో ఆ గదివైపు వచ్చాడు. ఓబులేసు నేల తుడుస్తున్నాడు. గురువును చూడగానే లేచి, ఏదో చెప్పబోయి, మాట రాక కాళ్లకు దండం పెట్టాడు. మంచం గది మధ్యలో అడ్డంగా ఉండటం అప్పుడే గుర్తొచ్చి, గబుక్కున పట్టె పట్టుకున్నాడు.

"దారికి అడ్డంగా ఉంది సామీ. గోడకు జరిపేస్తా."

"వద్దులే అబ్బీ" అన్నాడు నారపస్వామి. "ఆ పక్కన మనిషి కూర్చోవాల."