నక్క గీసిన గెలుపు పటం

నల్లకొండ అడవిలో ఎండాకాలం వచ్చిందంటే వాగంతా ఎండిపోయి ఒక్క మడుగు మిగులుతుంది. ఆ మడుగులో ఎవరు ముందు తాగాలో, ఎవరు తర్వాత తాగాలో చెప్పడానికి ఒక పెద్ద ఉండాలి కదా. ఆ పెద్దని ఏటా జంతువులన్నీ కలిసి ఎన్నుకుంటాయి. మనకున్నట్టు మీటలూ పెట్టెలూ అక్కడ లేవు. ఒడ్డున రెండు మట్టి పట్టీలు తడిపి మెత్తగా పరుస్తారు, పోటీ చేసేవాళ్లకి తలా ఒకటి. ఎవరికి నచ్చినవాళ్ల పట్టీలో వాళ్లు ఒక్క అడుగు వేసి పోవాలి. ఎండకి మట్టి గట్టిపడి ముద్ర పడకుండా పోయిందా, పోలింగ్ అయిపోయినట్టే. తాబేలు తాత పక్కనే కూర్చుని కాపలా కాస్తాడు. ఆయన కన్నుగప్పి రెండో అడుగు వేసినవాళ్లు ఇంతవరకూ లేరు, ఎందుకంటే ఆయనకి వేరే పనేమీ లేదు.

ఈసారి పోటీ అడవిపంది దుంపలయ్యకీ దుప్పి నీలవేణమ్మకీ. నిరుడు దుంపలయ్యే పెద్ద. పందులన్నీ ముందు దిగి, తాగి, పొర్లి, పోట్లాడుకుని, ఇక చాలనిపించాక మిగతావాళ్లని రానిచ్చేవి. అప్పటికి మడుగులో నీళ్లెక్కడివి, బురద తప్ప! ఆ బురద తాగి కుందేలు వరాలు పిల్లలు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయారు. ఈ ఏడాది మళ్లీ నలుగురు పుట్టారు. దుంపలయ్య ఓడిపోవాలని వరాలు కోరుకున్నంతగా ఆ అడవిలో ఇంకెవరూ కోరుకోలేదు.

కానీ వరాలుకి ఒక పిచ్చి ఉంది. ఏదైనా సరే జరగకముందే చెప్పెయ్యాలి. వాన ఏ మూల నుంచి వస్తుంది, ఉడుత ఏ కొమ్మ మీదికి దూకుతుంది, నెమలి ఇవాళ పురి విప్పుతుందా లేదా. చెప్పింది జరిగితే చెవులు ఊపుకుంటూ అడవంతా తిరుగుతుంది. జరగకపోతే అసలు నేనలా అననే లేదంటుంది.

ఈ పిచ్చి సంగతి నక్క గవర్రాజుకి తెలుసు. గవర్రాజు దుంపలయ్య మనిషి. నక్క మనిషెలా అవుతుందని అడక్కండి, మాటవరసకి అన్నాను. తను గెలిస్తే మడుగు పక్కనున్న చల్లని గుహ గవర్రాజుకే ఇస్తానని దుంపలయ్య మాట ఇచ్చాడు.

పోలింగ్ రోజు పొద్దున్నే వరాలు పిల్లల్ని పొదలో పడుకోబెట్టి ఓటు వేద్దామని బయల్దేరింది. దారిలో మద్దిచెట్టు నీడన జాతరలా గుంపు కనిపించింది. ముంగిసలు, కముజు పిట్టలు, ఉడుతలు, కుందేళ్లు, అడవిలోని చిన్న ప్రాణులన్నీ అక్కడే ఉన్నాయి. మధ్యలో గవర్రాజు తన తోకతో ఇసుక మీద అడవి మొత్తాన్ని పటంగా గీసి పెట్టాడు. రేగుపొదలు, పుట్టల మిట్ట, ఇసుక దిబ్బ, వెదురు గుంపు, దేని గీత దానికే. పక్కన ఎర్ర గురివింద గింజలు ఒక కుప్ప, నల్లరాళ్లు ఒక కుప్ప.

“రావమ్మా వరాలు, నీ కోసమే చూస్తున్నాం!” అన్నాడు గవర్రాజు. “ఎర్ర గింజ పడితే ఆ చోటు నీలవేణమ్మది. నల్లరాయి పడితే దుంపలయ్యది. పుట్టల మిట్ట ఎవరిదో చెప్పు చూద్దాం.”

“ఓటు వేసి వస్తానన్నా.”

“ఎంతసేపమ్మా! ఒక్క గింజ పెట్టి పో.”

ఒక్క గింజే కదా అని వరాలు పుట్టల మిట్ట మీద ఎర్ర గింజ పెట్టింది. పెట్టాక ఊరుకోగలదా?

“ఇసుక దిబ్బ కూడా ఎర్రదే,” అంది.

“ఎట్లా చెప్తావు?” అని ముంగిస సింగయ్య మీసాలు దువ్వాడు. “కముజు పిట్టలు సగం అటూ సగం ఇటూ ఉంటేనో?”

“మేమెందుకు సగం అటుంటాం?” అని కముజు పిట్టలు కస్సుమన్నాయి.

“ఉంటే అంటున్నాను. మాటవరసకి!”

“సగం ఉన్నా ఎర్రదే,” అంది వరాలు ఊపుగా. “సగంలో సగం ఉన్నా ఎర్రదే!”

ఇక చూసుకోండి. ఒకవేళ ముళ్లపందులు చీలితే? ఒకవేళ పందుల్లో పందులకే పడకపోతే? ఒకవేళ వెదురు గుంపు కూడా మనవైపు తిరిగితే? ప్రశ్నకొక కొత్త పటం. గవర్రాజు తోకతో చెరుపుతాడు, మళ్లీ గీస్తాడు. ప్రతి పటంలోనూ నీలవేణమ్మే గెలుస్తుంది, పటం పటానికీ ఇంకాస్త గట్టిగా గెలుస్తుంది. ఉడుతలు చప్పట్లు. కముజులు గెంతులు. సింగయ్య ఒక పాట కూడా కట్టేశాడు. వరాలు అయితే నేల మీద లేదు. ఏ గింజ ఎక్కడ పెట్టినా గవర్రాజు, “అబ్బబ్బ, ఏం బుర్రమ్మా నీది!” అంటుంటే ఆమె చెవులు తమంతట తామే ఊగుతున్నాయి. ఎండ ఎక్కుతోందని ఎవరికీ పట్టలేదు. గెలిచిపోయాం కదా, ఇంక తొందరేముంది?

“చివరిగా రేగుపొదలు,” అన్నాడు గవర్రాజు, ఒక ఎర్ర గింజ తీసి. “ఇక్కడి ఓట్లన్నీ పడిపోయినట్టే.”

రేగుపొదలంటే వరాలు వాళ్ల చోటు. ఆమె ఆ గింజ కేసి చూసి నవ్వింది. నవ్వుతూనే, చటుక్కున నవ్వు ఆపేసింది. పడిపోవడమేంటి? నేనింకా వెయ్యలేదు. చుట్టూ చూసింది. రేగుపొదల కుందేళ్లన్నీ ఇక్కడే ఉన్నాయి, పిల్లిమొగ్గలు వేస్తూ. ఒక్కరి కాలికీ తడిమట్టి అంటలేదు.

వరాలు వెంటనే పక్కనున్న సింగయ్య చెవిలో, “అన్నా, మనమెవ్వరం ఓటు వెయ్యలేదు,” అంది.

“వేద్దాంలేవే. నూటికి నూరు మనదేనని పటం చెప్తుంటే భయమెందుకు నీకు?” అన్నాడు సింగయ్య, పాటలో రెండో చరణం వెతుక్కుంటూ.

గట్టిగా అరుద్దామనుకుంది. సరిగ్గా అప్పుడే వెదురు గుంపు వైపు నుంచి దుమ్ము లేచింది. దుంపలయ్య తన వాళ్లనందర్నీ, తల్లుల్నీ పిల్లల్నీ ముసలివాళ్లనీ వెంటేసుకుని ఓటు వెయ్యడానికి వస్తున్నాడు. ఒక్కో ఇంటికి పదేసి మంది పిల్లలు. వాళ్లందరూ అడుగులు వేస్తే, తామంతా పరుగెత్తి వేసినా చాలుతాయో చాలవో. ఈసారి వరాలు జోస్యం చెప్పలేకపోయింది. పొదలో పడుకున్న నలుగురు పిల్లలు కళ్లముందు మెదిలారు. ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి టైము లేదు.

పందులు మద్దిచెట్టు దగ్గరికి రాగానే వరాలు గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా అడిగింది.

“గవర్రాజన్నా, ఇన్ని పటాలు గీశావు గానీ ఒక్కటి మాత్రం గీయలేదు. ఒకవేళ మేమెవ్వరం ఓటు వెయ్యడానికి వెళ్లకపోతే?”

గవర్రాజు తోక గాల్లోనే ఆగింది.

“అదెందుకులే అమ్మా ఇప్పుడు.”

“రాదా? పోనీలే. అది కష్టమైన లెక్క. పక్క అడవిలో గుడ్లగూబ గారైతే చిటికెలో వేస్తారట, అందరికీ రావాలని ఏముంది.”

నక్కకి ఆకలి వేస్తే ఓర్చుకుంటుంది గానీ ఈ మాట ఓర్చుకోలేదు. పైగా దుంపలయ్య చూస్తున్నాడు. రేపు గుహ ఇవ్వబోయేవాడి ముందు తన పనితనం చూపించుకోవద్దూ? ఈ వెర్రిబాగుల చిన్న ప్రాణులకి ఇది కూడా ఆటే కదా అనుకున్నాడు గవర్రాజు.

“గుడ్లగూబకేం తెలుసు! ఇదిగో చూడు,” అని ఎర్ర గింజలన్నీ ఒక్క ఊపున ఊడ్చేశాడు. పుట్టల మిట్ట నల్లన. ఇసుక దిబ్బ నల్లన. రేగుపొదలు నల్లన. అడవి మొత్తం నల్లరాళ్లే. “దుంపలయ్యగారి ఘన విజయం! ఎదురే లేదు!”

“గెలిచామా?” అన్నాడు దుంపలయ్య, కళ్లు చిన్నవి చేసి పటం చూస్తూ.

“గెలిచాం, గెలిచాం!” అని వెనకున్న పందులు అడవి అదిరేలా అరిచాయి.

పందుల పద్ధతి మీకు తెలియాలి. శుభవార్త వినగానే అవి చేసే మొదటి పని బురదలో పొర్లడం. మధ్యాహ్నపు ఎండలో ఒకసారి బురదలో ఒళ్లు వాల్చాయంటే చీకటి పడే దాకా లేపడం ఎవరి తరమూ కాదు. తిరిగి చూసేలోగా సగం గుంపు వెదురు పక్కన ఇంకా ఆరని బురదగుంట వైపు మళ్లింది.

“అయ్యా! అయ్యా!” అని గవర్రాజు దుంపలయ్య కాళ్లకి అడ్డం పడ్డాడు. “ముందు ఓటు వేసి, తర్వాత పొర్లండి!”

“ఎందుకురా? గెలిచామన్నావుగా.”

“అంటే... అది పటంలో గెలవడమండీ.”

“పటం నువ్వే గీశావా?”

“నేనే గీశానండీ.”

“అయితే నీ పటం అబద్ధమా?”

గవర్రాజు లెక్క వేసుకున్నాడు. అబద్ధమంటే గుహ పోతుంది. నిజమంటే ఓట్లు పోతాయి.

“నిజమేనండీ, కానీ...”

“నిజమైతే ఇంక కానీ ఏంట్రా! ఎండ మాడ్చేస్తుంటే మళ్లీ అంత దూరం నడవమంటావా?” అని దుంపలయ్య వాడిని మూతితో పక్కకి నెట్టి బురదగుంటలోకి దిగిపోయాడు.

మద్దిచెట్టు కింద చిన్న ప్రాణులన్నీ నల్లబడిన పటాన్ని నోరెళ్లబెట్టి చూస్తున్నాయి. సింగయ్య పాట మరిచిపోయాడు.

“చూశారుగా,” అంది వరాలు మెల్లగా. “మనం ఇక్కడే ఉంటే జరిగేది అదే. మట్టి ఆరిపోతోంది. పదండి!”

ఆ పరుగు చూడాలి! ఉడుతలు కుందేళ్ల వీపులెక్కాయి. కముజులు ఎగరడం మరిచి పరుగెత్తి, పరుగెత్తడం మరిచి ఎగిరాయి. సింగయ్య అందరికన్నా ముందు వెళ్లి దుంపలయ్య పట్టీలో కాలు పెట్టబోయి, వరాలు అతని తోక పట్టి లాగితే బతికిపోయాడు. నీలవేణమ్మ పట్టీ నిండా అడుగులే అడుగులు. వరాలు వంతు వచ్చేసరికి మట్టి అంచులు బిగుసుకుంటున్నాయి. నాలుగు కాళ్ల బరువూ ఒక్క కాలి మీద మోపి నొక్కింది. పడింది.

చాలాసేపటికి గవర్రాజు అరిచి, కరిచి, చెవిలో ఊది, ఎలాగో పందుల్ని లేపి తోలుకొచ్చాడు. దుంపలయ్య తన పట్టీలో కాలు వేశాడు. టక్కుమని చప్పుడైంది గానీ ముద్ర పడలేదు. కోపంతో ఎగిరి దూకాడు. మట్టి పగిలింది.

“పగుళ్లు లెక్కలోకి రావు నాయనా,” అన్నాడు తాబేలు తాత. “నీ పట్టీలో అడుగులు సున్నా. మడుగు పెద్ద నీలవేణమ్మ!”

“పిల్లలున్న తల్లులు ముందు తాగండి,” అంది నీలవేణమ్మ. పదవిలో ఆమె మొదటి మాట అదే. వరాలు పిల్లల్ని తీసుకురావడానికి పరుగెత్తింది. ఎందుకు ఏడుస్తోందో, ఎందుకు నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

ఇటు దుంపలయ్య గవర్రాజు మీదికి తిరిగాడు. “సున్నా ఏంట్రా సున్నా? కనీసం నీ ఓటైనా వేశావా?”

గవర్రాజు మెల్లగా తోకతో ఇసుక మీద గీత గీయడం మొదలుపెట్టాడు. “అసలు లెక్కప్రకారం మనదేనండీ. ఇప్పుడు చూడండి, ఒకవేళ మీరు పొర్లకుండా వచ్చి ఉంటే, ఇదిగో, ఈ పుట్టల మిట్ట దగ్గర...”

“ఆగు,” అన్నాడు దుంపలయ్య. “ఒకవేళ నేనిప్పుడు నీ మీద కూర్చుంటే ఏమవుతుందో అది గీయి.”

ఆ ఒక్క ఫలితం చెప్పడానికి గవర్రాజుకి పటం అవసరం లేకపోయింది. గీత సగంలో వదిలేసి, కొండ అవతల దాకా ఆగకుండా పరుగెత్తాడు.

నీతి: పటం మీద పెట్టిన గింజ ఎవరినీ గెలిపించదు, లేచి వెళ్లి వేసిన అడుగే గెలిపిస్తుంది.