ఒంటిచేతి కొండముచ్చు, నేరేడు పళ్ళు అడిగిన దుప్పి

పిల్లలూ, ఈ కథ మీరు ఎప్పుడూ వినలేదు. ఈ పరాయి ఊరి బడిలో ఎవరూ చెప్పి ఉండరు. ఇది మనవైపు అడవుల కథ. దగ్గరికి జరగండి. భయపెట్టే చోటొకటి ఉంది కానీ, ఎవరూ చనిపోరు. ముందే చెబుతున్నాను.

అనగనగా ఒక కొండ అడవిలో చిటారు అనే కొండముచ్చు ఉండేది. కొమ్మ మీంచి కొమ్మకు దూకడంలో దానికి సాటి లేదు. దాని నేస్తం చుక్కి అనే దుప్పి. చిటారు పైనుంచి నేరేడు పళ్ళు రాల్చేది. చుక్కి కింద ఏరుకుని తినేది.

ఒకనాడు గాలివాన వచ్చింది. చిటారు కూర్చున్న కొమ్మ ఫెళ్ళున విరిగింది. చిటారు బండ మీద పడింది. కుడి చెయ్యి నలిగిపోయింది. గాయం మానింది కానీ, చెయ్యి మళ్ళీ లేవలేదు.

"నాయనా, నువ్విక చెట్టెక్కలేవు," అంది మందకు పెద్దయిన ముసలి కొండముచ్చు. "చిరుత కంట పడకుండా ఈ బండ చీలికలో ఉండు. తిండి మేం తెస్తాం."

మంచి మాటే. కానీ చిటారుకు ఆ తిండి గొంతు దిగలేదు. బండవైపు తిరిగి పడుకుంది.

అప్పుడు చుక్కి వచ్చింది. అయ్యో అనలేదు!

"ఏమోయ్, నేరేడు పళ్ళేవి? రాలినవన్నీ పందులు మింగేశాయి. నాకు ఆకలేస్తోంది."

"నా చెయ్యి కనబడటం లేదా?" అని చిటారు అరిచింది.

"కనబడుతోంది. ఇంకో చెయ్యి, రెండు కాళ్ళు కూడా కనబడుతున్నాయి. నా వీపెక్కి కొమ్మ అందుకో."

"పడితే?"

"నా మీదే కదా పడతావు! నాకూ భయమే. అయినా నిలబడతాను."

వెళ్ళాలా, వద్దా? చిటారు చాలాసేపు ఆలోచించింది. చివరికి చీలిక వదిలి బయటికి వచ్చింది.

మొదటిసారి ధబ్బున చుక్కి మీదే పడింది. "అబ్బా! తినకుండానే ఇంత బరువా!" అని చుక్కి నవ్వింది. రెండోసారి పట్టు జారింది. మూడోసారి కొమ్మను గడ్డం కింద ఇరికించుకుని, కాళ్ళతో నెట్టి... ఎక్కేసింది! (మీరు మాత్రం అలమరాలు ఎక్కకండి.)

"ఎక్కాను చుక్కీ! ఎక్కాను!"

అంతలో కింద గడ్డి కదిలింది. చిరుత! చుక్కి వెనకే నక్కి ఉంది. పై కొమ్మల్లోని మందకు ఆకులు అడ్డం. చిటారు ఒక్కదానికే కనబడింది.

"ఖక్! ఖక్! చిరుత! పరుగెత్తు!"

చుక్కి ఒక్క దూకు దూకింది. చిరుత పంజా గాలిని కొట్టింది. అది కోపంగా చెట్టువైపు తిరిగింది. చిరుతలకూ చెట్లెక్కడం వచ్చు! చిటారు గడ్డంతో, పళ్ళతో, ఒంటిచేత్తో పైకి పాకింది. ఇంకో కొమ్మ! ఇంకో కొమ్మ! చుక్కి పారిపోలేదు. దూరంగా నిలబడి, కాలు నేలకు కొడుతూ అరిచింది. మందంతా గోల చేసింది. అడవి మొత్తానికీ తెలిసిపోయాక ఇక వేటేముంది? చిరుత విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

"ఇంత పైకి ఎలా వచ్చావురా!" అంది ముసలి కొండముచ్చు.

"చుక్కి నన్ను పళ్ళు రాల్చమని అడిగింది, తాతా."

ముసలిది కింది కొమ్మవైపు చూసింది. తర్వాత అంది: "అయితే నేనూ ఒక పని అడుగుతాను. ఆ కింది కొమ్మ మీద కావలి ఇక నీది."

చిటారు చెయ్యి ఆ తర్వాత కూడా బాగుపడలేదు. కానీ చిటారు మళ్ళీ చీలికలో పడుకోలేదు.

నీతి: దెబ్బ తిన్న నేస్తానికి జాలి ఒక్కటే చాలదు, నీ వల్ల అవుతుందని నమ్మి, పక్కనే నిలబడే స్నేహం కావాలి.

రేపు ఈ కథ మీ స్నేహితులకు చెప్పండి. మీకు వచ్చిన భాషలోనే చెప్పండి, ఫరవాలేదు. చెయ్యి బాగైపోయిందని మాత్రం మార్చి చెప్పకండి.