మబ్బు పట్టిన సోమవారం

ఆఁ, వచ్చావా? ఇటు దుప్పట్లోకి దూరు. ఇప్పుడే మొదలెట్టాను, ఏం పోలేదులే. అనగనగా గోదారి పక్కన ఓ చిన్న ఊళ్ళో మంగతాయని ఓ కోడలు, నరసాయమ్మని వాళ్ళత్త.

ఆ రోజుల్లో కార్తీకమాసం వస్తే ఊరంతా తెల్లారకముందే లేచేది. తడిచీరలు, నేతివత్తుల వాసన, వణికించే చలి. సోమవారమైతే పొద్దంతా పస్తు. సాయంత్రం ఆకాశంలో చుక్క కనపడ్డాకే కంచం ముందు కూర్చోవాలి.

మంగతాయి అప్పుడు కడుపుతో ఉంది. అంతకుముందేడు ఓ బిడ్డ నిలవలేదు. ఈ బిడ్డన్నా దక్కాలని సోమవారాలుంటానని శివుడికి మొక్కుకుంది. "ఒట్టి మనిషివి కాదు, నీకెందుకే ఉపవాసం?" అని అత్త తిట్టింది కూడా. వింటేగా!

ఆ సోమవారం దీపాలవేళకి మబ్బు పట్టేసింది. మంగతాయి పెరట్లోకెళ్ళి చూసింది. ఒక్క చుక్కా లేదు. లోపల పులగం చల్లారిపోతోంది.

కాసేపాగి మళ్ళీ వెళ్ళింది. "అత్తయ్యా, చుక్క!" అని కేకేసింది. అదేమో ఎగిరొచ్చి గుమ్మడిపాదు మీద వాలింది. మిణుగురు! గోడవతల పక్కింటి వీరమణి, "నీకోసం శివుడు చుక్కకి రెక్కలు కూడా పెట్టాడే పిల్లా!" అని ఒకటే నవ్వు.

ఆ తర్వాత చినుకులు మొదలయ్యాయి. మూడోసారి వెళ్ళేసరికి మంగతాయికి కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకుని కూలబడింది. తినకపోతే బిడ్డకేమవుతుందో, తింటే మొక్కేమవుతుందో అని ఏడుపొచ్చేసింది.

అప్పుడు నరసాయమ్మ వచ్చి చెయ్యిపట్టి లేపింది. శివాలయం వైపు వేలు చూపించింది. అక్కడ ధ్వజస్తంభం పైకి తాడుతో లాగి కట్టిన ఆకాశదీపం, చిల్లుల ఇత్తడిపాత్రలో మినుకు మినుకుమంటోంది.

"అదుగోనే చుక్క. పద, తిందువుగాని."

"అది ఆకాశదీపం కదత్తయ్యా!"

"శివుడింటి మీద వెలిగేది చుక్క కాక ఇంకేంటే? పాపముంటే నాకు చుట్టుకుంటుంది. నడు."

అప్పుడు మంగతాయి తింది. వేడిచేసిన పులగం, కందిపచ్చడి. నాలుగు ముద్దలు పడేసరికి కడుపులో బిడ్డ కదిలింది. అప్పుడు చూసిందమ్మా, అత్త కంచం బోర్లించే ఉంది.

ఆ బిడ్డ చక్కగా పుట్టింది, పెరిగింది. నరసాయమ్మ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. అయినా కార్తీకంలో మబ్బు పడితే చాలు, మంగతాయికి ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. "మరి మీరో అత్తయ్యా?" అని తనడిగితే, కోడలి కంచంలో ఇంకో గరిటె పులగం వేస్తూ ఆవిడ అన్నమాట:

"అది నీకొచ్చిన చుక్కే. నాది ఇంకా రాలేదు. నువ్వు తిను."

కథేమో కంచి దారి పట్టె,
నిద్దరేమో కంటి దారి పట్టె.