మోకాలి తెలుపు

రాజధానిలో కుర్రకారు పట్టుబట్టలు విడిచి, రాళ్ళు కొట్టేవాళ్ళు తొడిగే నీలిమందు అద్దిన లాగుల కోసం ఎగబడింది. అందులోనూ కొత్త లాగు తొడిగితే నామోషీ. మోకాళ్ళ దగ్గర వెలిసి తెల్లబడినదే గొప్ప. అందుకని దొరబిడ్డలు రాతిపనివాళ్ళ పాత లాగులు బతిమాలి తీసుకుని, వీధుల్లో కులాసాగా తిరిగేవారు.

ఒకనాడు కొత్వాలు ఉద్దండరాయుడు నడిబజారులో వెలిసిన లాగు కనబడగానే, ఎవరో దొరబిడ్డ అనుకుని నడుం వంచి దండం పెట్టాడు. తీరా చూస్తే రాళ్ళు కొట్టే పాపోజు! బజారంతా గొల్లున నవ్వింది.

కొత్వాలు మొహం కందగడ్డ అయింది. "రేపటి నుంచి కూలివాళ్ళెవరూ నీలిలాగు తొడగకూడదు. అది దొరలు తొడిగే బట్ట!" అని కేకలేశాడు.

"అలాగే దొరా. మరి మోకాళ్ళ తెలుపు ఎవరు తెస్తారు?" అన్నాడు పాపోజు.

"అదెంత భాగ్యం? ఉతికితే రాదా?"

"ఉతికితే లాగంతా వెలుస్తుంది. మోకాళ్ళ దగ్గరే వెలవాలంటే ఏడాదిపాటు బండమీద మోకాళ్ళూని ఉలి కొట్టాలి. మమ్మల్ని తొడగొద్దన్నారుగా, రేపు పొద్దున్నే దొరబిడ్డల్ని గుట్టకు పంపండి. ఉలీ సుత్తీ నేనిస్తాను."

చుట్టూ నిలబడ్డ దొరబిడ్డలు గాభరాపడి, "ఆ ఆజ్ఞ మానుకోవయ్యా!" అంటూ కొత్వాలు మీద పడ్డారు. ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది.

పాపోజు మోకాళ్ళ మీది రాతిపొడి దులుపుకున్నాడు. "ఇందాక మీరు పెట్టిన దండం పొరపాటేం కాదు దొరా. ఈ తెలుపు తెచ్చినవాడికే చేరింది" అని, తలెత్తుకుని గుట్టవైపు నడిచాడు.