బొగ్గుబట్టిలో ఉడతల గింజలు

అనగనగా రాళ్లవాగు అవతల ఒక అడవి. అక్కడి ఉడతలన్నిటికీ ఒకటే ఉమ్మడి తొర్ర. వానాకాలంలో పిల్లలూ ముసలివాళ్లూ తినేది అందులో దాచిన గింజలే. వాటిని ఊరికే ఉంచడమెందుకని, ఉడతల పెద్ద బూరయ్య, ఒక నక్క నడిపే బొగ్గుబట్టిలో పెట్టుబడి పెట్టాడు. ఒకటిస్తే ఏడాదికి మూడు వచ్చేవి.

ఆ ఏడు లాభం పంచుతుంటే చిటికి అనే పడుచు ఉడత తన గింజను వాసన చూసి ఆగిపోయింది. ఏ గింజ ఏ చెట్టుదో ఉడతలకు వాసనతోనే తెలిసిపోతుంది కదా!

"పెదనాన్నా, ఇది మా అత్త ఉండే బాదం చెట్టుది. పొగ కొడుతోంది."

"లాభానికి వాసనేంటే? తిను," అన్నాడు బూరయ్య.

చిటికి తినలేదు. బట్టి దగ్గరికి పరుగెత్తింది. అక్కడ అడవిపందులు గింజలు మేసి, చెట్ల వేళ్లు పెకలిస్తున్నాయి. కూలిన చెట్లు బట్టిలోకి, వాటి గింజలు లాభం కుప్పలోకి పోతున్నాయి. అత్తవాళ్ల బాదం చెట్టు సగం కాలి ఉంది.

తిరిగొచ్చి అరిచింది. "పందులకిచ్చే కూలి మన గింజలే! కాలేది మన చెట్లే! వాటి ఆఖరి కాపునే నక్క మనకు లాభమని పంచుతోంది. మన వాటా వెనక్కి తెచ్చేద్దాం!"

"తెస్తే బట్టి ఆగుతుందా పిచ్చిదానా?" అన్నాడు బూరయ్య. " మన బదులు కోతులు పెడతాయి. పొగ మనకు, లాభం వాళ్లకు!"

"ఆగకపోతే పోనీ. అత్త ఇల్లు కూల్చిన కూలి మాత్రం మనది కాకూడదు."

"మరి ఎక్కడ పెడతావ్? వానాకాలం పిల్లలు నీ మాటలు తింటారా?"

ఆ మాట చిటికికి చురుక్కుమంది. వెతకడానికి బయల్దేరింది.

"నాది తేనె వ్యాపారం తల్లీ, బట్టితో పనేలేదు," అంది ఎలుగుబంటి. చూస్తే తేనెపట్ల కింద పొగ పెట్టింది నక్క బొగ్గులతోనే!

దారిలో నక్కే ఎదురైంది. "మరదలా, ఇప్పుడు నాది పచ్చబట్టి. చెట్టు కాలిస్తే మొక్క నాటుతున్నా!"

చిటికి ఒక మొక్కను లాగింది. ఊడి చేతికొచ్చింది. ఉత్త పుల్ల.

"బావా, వేరు పెట్టడం మర్చిపోయావే!"

చివరికి బోడిగుట్ట మీద రేగు మొక్కలు పెంచే కుందేళ్లు కనిపించాయి. చిటికి ఒక్కో మొక్క మొదలూ తవ్వి చూసింది. వేళ్లున్నాయి.

"మొదటి ఏడు పెట్టిందాంట్లో సగమే తిరిగిస్తాం," అంది ముసలి కుందేలు. "ఆ తర్వాత కాపును బట్టి. ఇష్టమైతేనే పెట్టు."

చిటికి తిరిగొచ్చి ఉడతల సభ పెట్టించింది. అక్కడ ఏదీ దాచలేదు. "ఈ వానాకాలం అందరికీ సగం తిండే. నాకు పావు చాలు. ఒప్పుకుంటే తోకలెత్తండి."

సగం కంటే ఒక్క తోక ఎక్కువ లేచింది. బూరయ్య తోక లేవలేదు. అయినా సభ మాట సభ మాటేనని, తనే వెళ్లి నక్క దగ్గర వాటా తెచ్చి కుందేళ్లకిచ్చాడు.

వానలొచ్చాయి. ఆకలీ వచ్చింది. పక్క కొమ్మ వదిన నిలదీసింది. "ఏమే చిటికీ, నీ నీతిని నానబెట్టి నా బిడ్డకు పట్టనా?"

చిటికి తన పావు వాటా ఆ బిడ్డ చేతిలో పెట్టింది. "తిట్టు వదినా, పడతాను. గింజలు మాత్రం మళ్లీ ఆ బట్టికి పోవు."

బూరయ్య అన్నట్టే కోతులు బట్టిలో పెట్టుబడి పెట్టాయి. ఆ ఏడు పండగ చేసుకున్నాయి. మరుసటి ఏడు బట్టి చుట్టూ కాల్చడానికి చెట్టు లేదు, పంచడానికి గింజ లేదు. నక్క చెప్పాపెట్టకుండా పోయింది. కోతులకు మిగిలింది గంపెడు బూడిద.

అదే ఏడు బోడిగుట్ట మీద రేగు కాసింది. ఒకటికి ఒకటిన్నర వచ్చింది.

"మూడెక్కడ, ఒకటిన్నరెక్కడ! తక్కువే," అని గొణిగాడు బూరయ్య.

"తక్కువే పెదనాన్నా," అంది చిటికి. "కానీ వచ్చే ఏడూ వస్తుంది."

నీతి: లాభం ఎంతని అడిగే ముందు, అది ఎవరి గూడు కూల్చి వచ్చిందో అడగండి. జవాబు తెలిశాక ఆకలికి భయపడి వెనక్కి తిరగకండి.