సగమే సున్నం పూసుకున్న పురిటమ్మ

ఈ కథలో ఒక్క మాటనైనా శంకించే ధీరుడెవడైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తమనండి. వాడి కోసం చివర ఒక సాక్షిని సిద్ధంగా కూర్చోబెట్టే ఉంచాం. చెయ్యెత్తని మహానుభావులు నిశ్చింతగా వినవచ్చు.

పూర్వం తూర్పు సముద్రానికి కూతవేటు దూరంలో, ఉప్పునీటి సరస్సును ఆనుకున్న సీమను కోనభూపాలుడనే ప్రభువు పాలించేవాడు. ఆయన పరాక్రమం వర్ణించబోతే వేయి నాలుకల ఆదిశేషుడైనా మధ్యలో మంచినీళ్లడగాల్సిందే. ఆయన మీసం మెలివేస్తే సముద్రపు గాలి దిశ మార్చుకునేది. తుమ్మితే ఎగువ సీమల రాజులు కోట తలుపులు బిగించుకునేవారు. అంతటి వీరుడికి లోకంలో ఒక్కటే భయం, అది పురిటిగది. పట్టమహిషి ఏకైక పుత్రిక అక్కమాంబను కని, ఆ బిడ్డ ముఖమైనా తనివితీరా చూడకుండానే ఆ గదిలో కన్నుమూసింది. నాటినుంచి ఆ వసారాలో కాలుపెట్టని ప్రభువు, తల్లిలేని పిల్లకు తానే తలదువ్వి, తానే గోరుముద్దలు తినిపించి, పెంచి పెద్దచేసి పెళ్లిచేశాడు.

ఆ అక్కమాంబ తొలిచూలుతో పుట్టింటికి వచ్చింది. పాత గదిలో బిడ్డకు పురుడు పోయించడానికి తండ్రికి మనసొప్పలేదు. సరస్సు గట్టున, గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే ఎత్తైన దిబ్బ మీద కొత్తగా ఒక పురిటిల్లు కట్టించి, దాని గోడలకు చంద్రుడు చూసి సిగ్గుపడేంత తెల్లని సున్నం పూయించాలని సంకల్పించాడు. ఆయన అనడమే తడవుగా గట్టు పొడవునా గుల్లలు కాల్చే సున్నపు బట్టీలు రాజుకున్నాయి. ఆ మంటల వేడికి సరస్సులోని చేపలు ఉడికి, ఉప్పుతో సహా సిద్ధమై ఒడ్డుకు వచ్చేవని చెబుతారు. అందులో కొంత తగ్గించుకున్నా మాకు అభ్యంతరం లేదు.

బట్టీలు మండిన కొద్దినాళ్లకే ఆ వింత మొదలైంది. మునిచీకటి వేళ దిబ్బ పైని ఆకాశంలో బంగారు ఛాయ వెలుగులు గుంపుగా కనిపించేవి. చుక్కలనుకుందామా, కదులుతున్నాయి, రాలే చుక్కలనుకుందామా, పెళ్లివారు నడిచొచ్చినట్టు తీరిగ్గా వస్తున్నాయి. నీటిలోనే వేళ్లూని పెరిగే కడప చెట్ల తోపు వైపు కొంతదూరం తేలిపోయి, ఎవరో ఊదినట్టు ఒక్కసారిగా ఆరిపోయేవి. కొరివిదయ్యాలన్నారు కొందరు, గంధర్వుల విమానాలన్నారు కొందరు. గతించిన మహారాణి తన కూతురిని తనతో తీసుకుపోవడానికి వస్తోందని మరికొందరు గుసగుసలాడారు. ఆ మూడో మాట ప్రభువు చెవిన పడింది. పడి గుండెలో నాటుకుంది.

ఆస్థాన సిద్ధాంతి సోమావధాని గ్రంథాలన్నీ తిరగేసి, చేతులు జోడించి, "ప్రభూ, గర్భవతి ఉన్న ఇంటిపై చలించే తేజస్సు కనబడితే తల్లీబిడ్డలలో ఒకరే దక్కుతారని శాస్త్రం. అమావాస్యలోగా అమ్మాయిని పొలిమేర దాటించండి" అన్నాడు. నిండు నెలల మనిషిని రాళ్లబాటన పల్లకిలో మెట్టినింటికి పంపడమంటే మాటలా? అక్కమాంబ కంటతడి పెట్టలేదు. "నాయనా, నాకు అమ్మయినా నువ్వే, పుట్టిల్లయినా నువ్వే. నువ్వే పొమ్మంటే ఇంకెక్కడికని పోను?" అని మాత్రం అంది. వేయి ఈటెలకు చలించని ప్రభువు ఆ ఒక్క మాటకు గడపమీద చతికిలబడ్డాడు.

లేచి మీసం తుడుచుకుని, "ఆ వెలుగులెవరో నేనే వెళ్లి అడుగుతాను. దయ్యాలైతే తరుముతాను, గంధర్వులైతే బతిమాలతాను" అన్నాడు. మహారాణి అయితే ఏం చేస్తాడో మాత్రం చెప్పలేదు. ఆ సాయంత్రం సరస్సు నిండా పడవలు దింపించాడు. ఎన్ని పడవలంటే, నీళ్లకు చోటు చాలక పక్క సీమకు వలస వెళ్లాయి! తన పడవలో తానొక్కడే వెళ్లబోతుంటే మంత్రసాని ఓబుళమ్మ చీర దోపుకుని వచ్చి ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకే ఓబుళూ, ఇది యుద్ధం" అన్నాడు ప్రభువు.

"యుద్ధమైతే తమరు చూసుకోండి దొరా. ఆ వచ్చేది పురుటి సంగతని ఊరంతా అంటుంటే, నేను లేకుండా ఎట్టా?" అంది ఆమె.

పొద్దుగుంకింది. వెలుగులు వచ్చాయి. ప్రభువు కత్తి దూశాడు గాని చెయ్యి లేవలేదు. పెదవులు మాత్రం మహారాణి పేరు పలికాయి. అలా తలెత్తి చూస్తుండగా ఆయనకొక విశేషం తోచింది. ఆ వెలుగులు బట్టీల నెత్తిన వెలుగుతున్నాయి, బట్టీలు దాటగానే ఆరుతున్నాయి. మర్నాటి సాయంత్రం బట్టీలన్నిటినీ తడిమట్టితో కప్పించి, మళ్లీ అదే పడవలో కూర్చున్నాడు. ఆకాశం నల్లగా ఉంది. వెలుగు లేదు, కాని తలమీదుగా రెక్కల చప్పుడు మాత్రం, వేయి చేటలతో ఒకేసారి చెరిగినట్టు, సాగిపోయింది.

ఆ చప్పుడు వెంట పడవను తోపులోకి మళ్లించి దివిటీ ఎత్తగా కడప చెట్ల కొమ్మకొమ్మనా గూడబాతుల గూళ్లు! పగలంతా సరస్సులో చేపలు పట్టి, మెడకింది సంచి నింపుకుని, చీకటిపడే వేళకు పిల్లల దగ్గరికి చేరుతున్న పక్షులవి. తల్లి సంచిలోకి బుజ్జి తలలు దూరి మేత అందుకుంటున్నాయి. నిన్నటిదాకా బట్టీల మంట కిందినుంచి వాటి తెల్లని పొట్టల మీద పడి, దేవతల దీపాలై సీమను వణికించింది.

"అయ్యో నా తల్లుల్లారా, మీరూ పురిటికే వచ్చారా!" అంది ఓబుళమ్మ.

ప్రభువు, కూతురి మీద ప్రేమతో తాను వెలిగించిన మంటే ఆకాశమెక్కి, ఆ కూతురినే వెళ్లగొట్టబోయిందని తెలిసి, కత్తిని ఒరలో పెట్టి, ముఖానికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. ఆ కన్నీటివల్లే సరస్సు మరింత ఉప్పనైందంటారు, దీన్ని మాత్రం ఒక్క చుక్క కూడా తగ్గించం.

పిల్లలు ఎగిరిపోయేదాకా గట్టున పొగ రాకూడదని ప్రభువు శాసించాడు. సోమావధానిగారు "శాస్త్రం చలించే తేజస్సన్నది గాని బాతులనలేదు గదా" అని తృప్తిపడి, ప్రయాణానికి తెప్పించి ఉంచిన పల్లకిని వెనక్కి పంపించారు. సగం కాలిన గుల్లలతో వచ్చిన సున్నం పురిటింటి గోడలకు నడుమెత్తు వరకే సరిపోయింది. పైన మట్టిగోడ మట్టిగోడగానే మిగిలింది. "గోడ సగమే తెలుపయిందమ్మా" అని తండ్రి నొచ్చుకుంటే, అక్కమాంబ నొప్పుల మధ్యనే నవ్వి, "మిగతా సగానికి నువ్వు గుమ్మంలో కూర్చో నాయనా" అంది. పురిటిగది ఛాయకు పోని ఆ వీరుడు రాత్రంతా ఆ గుమ్మం వదల్లేదు. తెల్లవారగట్ల ఓబుళమ్మ ఆడబిడ్డను తెచ్చి ఆయన ఒడిలో పెట్టింది. తల్లీ క్షేమం, బిడ్డా క్షేమం.

పుట్టిల్లు లేని ఆడబిడ్డ ఎవరొచ్చినా ఇక్కడ పురుడు పోసి పంపమని అక్కమాంబ ఆ ఇంటిని లోకానికి విడిచిపెట్టింది. ఓబుళమ్మ తాను బాలింత మందైన కాయం నూరిన సన్నికల్లుకు పసుపు రాసి, బొట్టుపెట్టి, గుమ్మానికి ఎదురుగా నిలిపింది. ఆ సన్నికల్లే పురిటమ్మ తల్లి, ఆ ఇల్లే ఆమె గుడి, ఆ దిబ్బే పురిటిదిబ్బ. నేటికీ గూడబాతులు తోపుకు వచ్చిన నాటినుంచి ఆ గట్టున బట్టీ మండదు. అవి పిల్లలతో ఎగిరిపోయాకే అమ్మవారికి తిరునాళ్ల. అప్పుడైనా గుడి గోడలకు నడుమెత్తు వరకే సున్నం పూస్తారు. ఒకసారి పంతానికి పోయి కొందరు పైదాకా పూయబోతే తొలి చినుకుకే కారిపోయింది. పుట్టిల్లు లేని గర్భిణులు ఆ గుమ్మంలో కాసేపు కూర్చుని లేస్తారు. వారి పక్కన ఏ తండ్రి వయసువాడో ఒకడు కూర్చోవడం ఆనవాయితీ.

ఇక మొదట చెయ్యెత్తిన ధీరుడెవరో ముందుకు రావాలి. ఆ వంశంలో ప్రతి తరాన పెద్దకూతురికి ఒకటే పేరు పెడతారు, ఈ కథంతా ఒప్పజెబుతారు. ఇప్పటి ఆవిడ గుడి మెట్ల పక్కనే గాజుల బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. నోరు కొంచెం పెద్దదే గాని అబద్ధమాడదు. వెళ్లి అడగండి. పేరు ఓబుళమ్మ.