సూరి నెత్తి ఒప్పుకున్న దీపం

అనగా అనగా ఒక ఊరు. ఊ కొట్టండి మరి. ఊ కొట్టకపోతే నా కథ నడిమధ్యలో కొండెక్కిపోతుంది, తర్వాత నన్నడిగి లాభం లేదు. ఇందాకట్నించీ నా వక్కల సంచి కనపడ్డం లేదు. మీలో ఎవరు తీశారో కథయ్యాక తేలుస్తాను. ముందు ఊ కొట్టండి.

ఆ ఊరు ఉప్పుమళ్ళ ఊరు. ఎప్పటి మాటంటే చెప్పలేను. కరెంటు కొత్తల్లుడిలాగా పిలిస్తే వచ్చి, అలిగితే వెళ్ళిపోయే కాలం. ఆ ఊళ్ళో అప్పలసూరి అని ఒకడుండేవాడు. వాడికి పొలం లేదు, మడి లేదు. వాడికున్నదల్లా ఒక పెట్రోమాక్సు లైటు, దాన్ని మోయడానికి ఒక నెత్తి. పెళ్ళి ఊరేగింపుకీ వాడే, జాతరకీ వాడే, నాటకానికీ వాడే. నెత్తి మీద గుడ్డ చుట్టకుదురు, దాని మీద లైటు పెట్టుకుని తెల్లార్లూ నిలబడేవాడు. లైటు వెలుగులో పెళ్ళికొడుకుని అందరూ చూసేవారు. లైటు కింద మనిషిని ఎవరు చూస్తారు? ఆ వేడికి వాడి నడినెత్తిన జుట్టు పోయి అరచెయ్యంత నున్నగా అయిపోయింది.

గైరమ్మ ఒక్కతే వాడిని చూసేది. చూసినప్పుడల్లా ఒకటే మాట అడిగేది.

"ఒరే సూరిగా, నా కోక ఎక్కడరా?"

వాడూ ఒకటే మాట చెప్పేవాడు.

"నాకాడ నేదు వదినా."

కోక సంగతేమిటంటారా, చెప్తాను. గైరమ్మ మొగుడు పైడయ్య నాటకాల్లో రాణి వేషం కట్టేవాడు. మన ఊళ్ళో కట్టేవాడు కాదు, సిగ్గు. దూరపు ఊళ్ళ జాతరలకి వెళ్ళి కట్టేవాడు. సూరి వాడికి నేస్తం, లైటు పట్టుకుని కూడా వెళ్ళేవాడు. ఒకసారి గైరమ్మ పుట్టింటికి వెళ్ళి నెల్లాళ్ళుండి తిరిగొచ్చింది. పెట్టె తీసి చూస్తే పెళ్ళినాటి పట్టుకోక లేదు. మావిడిపండు రంగు, చిలకల అంచు. పైడయ్యనడిగితే దొంగలు పడ్డారన్నాడు. ఆ నెల్లాళ్ళలో ఆ గడప తొక్కింది ఎవరయ్యా అంటే సూరి ఒక్కడే. ఇంకేముంది, దొంగ దొరికిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ వేషం కట్టకుండానే కొన్నాళ్ళకి పైడయ్య పోయాడు. కోక పోయింది, మొగుడు పోయాడు, అనుమానం మాత్రం పోలేదు. ఊరు ఊరంతా వాడిని కోకసూరి అనేది. వాడు పలికేవాడు కూడాను, వెర్రి వెధవ.

ఇలా ఉండగా గైరమ్మ కళ్ళు మసకేశాయి. పట్నం డాక్టరు చూసి, "ఇది కోసి తీసే పొర కాదమ్మా. వచ్చే వానలకి చూపు ఆగిపోతుంది. చూడాలనుకున్నవేవో చూసేసుకో," అన్నాడు.

గైరమ్మ చూడాలనుకున్నది ఒక్కటే. పైడయ్య కట్టిన చివరి ఆటని ఎవరో వీడియో తీసి, వాడు పోయాక ఆ క్యాసెట్టు ఆమెకి పంపారు. టెంటు సామాను అద్దెకిచ్చే గవర్రాజు ఇంట్లో చిన్న టీవీలో పెట్టిస్తే, "చీమలు పాకుతున్నాయర్రా, ఆపండి," అంది. ఆమె చూపుకి అంతే ఆనింది. క్యాసెట్టుని కొంగున కట్టేసుకుంది. "నేను చూసేదాకా ఇంకెవరూ చూడ్డానికి వీల్లేదు," అంది.

ఈ మాట సూరి చెవిన పడింది. వెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"వదినా, ఉప్పు కొఠారు గోడంత బొమ్మ ఏయిస్తాను. సూస్తావా?"

"నా కోక ఎక్కడరా?"

"నాకాడ నేదు వదినా. దీపం ఉంది."

"అయితే ఏడువు," అంది. అంటే సరేనని అర్థం.

తోలుబొమ్మలాట ఎరుగుదురుగా? వెనక దీపం, ముందు తెర, మధ్యలో బొమ్మ. సూరికి తెలిసిందదే. గవర్రాజు అటక మీద పల్చటి టీవీ ఒకటి మూలపడి ఉంది. దాని అద్దంలో బొమ్మ ఆడుతూనే ఉంది గానీ వెనక దీపం చచ్చిపోయింది. సూరి దాన్ని అడిగి తెచ్చుకుని, వీపు ఊడదీసి, అద్దం ఒక్కటీ చెక్కపెట్టెలో నిలబెట్టాడు. ముందు పెద్ద భూతద్దం పెట్టాడు. ఇక వెనక దీపం పెడితే బొమ్మ గోడ మీదకి పోయి పడాలి.

"ఒరే, ఆ అద్దం ఒక్కటే ఉంది," అన్నాడు గవర్రాజు. "సెగ తగిలితే మాడిపోతాది. మాడితే ఇంకోటి నేదు."

సూరికి తన లైటు మీద నమ్మకం. ఇన్నేళ్ళు నెత్తిన మోసింది, తనని ముంచుతుందా? పొద్దు వాలగానే ఊరు కొఠారు గోడ ముందు చేరింది. గైరమ్మ కొంగు విప్పి ఇచ్చిన క్యాసెట్టుని గవర్రాజు అద్దానికి తగిలించి ఆడిస్తే, సూరి పెట్రోమాక్సు వెలిగించి పెట్టెలో పెట్టాడు. దీపం వెలగగానే ఊరంతా లేచి దణ్ణం పెట్టింది, సంజెదీపానికి పెట్టినట్టే. తీరా గోడ మీద చూస్తే మిణుగురంత మెరుపు.

"కిరీటం," అంది గైరమ్మ. "ఆయన కిరీటమే. ఆయనేడీ?"

ఆయన వచ్చేలోపు పొగ వచ్చింది. సూరి ఒట్టిచేతుల్తో లైటు బయటికి లాగాడు. అద్దం ఒక మూల అప్పం అడుగులా మాడింది. గైరమ్మ పీట తీసుకుని లేచింది.

"నా కోక ఎక్కడరా?" అంది.

"నాకాడ నేదు వదినా," అన్నాడు చేతులు ఊదుకుంటూ.

రెండోసారి గవర్రాజు ముందుకొచ్చాడు. "నా పెళ్ళిపందిరి ఫోకస్ లైటు పెట్టు. అది ఏస్తే చీమక్కూడా నీడ పడతాది," అన్నాడు. పెట్టారు. ఊరు మళ్ళీ లేచి దణ్ణం పెట్టింది. పట్టపగల్లా వెలుగు. గోడ మీద ఇంత మొహం. కాటుక కళ్ళు, ముక్కుకి బులాకీ, తాంబూలం నోరు.

"ఎవత్తిరా ఇది?" అంది గైరమ్మ.

"మన పైడయ్యే వదినా."

"మా ఆయనకి మీసం ఉండేది."

"వేషానికి గీసేశాడు వదినా."

"నాతో మంగలి తప్పు చేశాడన్నాడే," అంది.

ఊరంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వుల్లో కమ్మటి వాసన వస్తే, ఎవరింట్లోనో కూర వండుతున్నారనుకున్నారు. గవర్రాజు చోటు బాగుందని తన ఎండుచేపల పొట్లం పెట్టె మీద పెట్టాడు. ఆ చేపలు కాలుతున్నాయి. సూరి పరుగెత్తి తీగ పీకాడు. అద్దం రెండో మూలా పోయింది. ఇక మిగిలింది నడిమి ముక్కే.

"చేప మాత్రం బాగా కాలింది," అన్నాడు గవర్రాజు, తింటూ. వాడి నోట మన్ను పడా.

గైరమ్మ ఈసారి కోక మాట అడగలేదు. "పోనీలేరా, నాకంతే రాసుంది," అని గోడ పట్టుకుని తడుముకుంటూ ఇంటికెళ్ళింది. అడిగి ఉంటే బాగుండునని సూరికి మొదటిసారి అనిపించింది. వాడికి ఏడుపొచ్చింది.

ఇంటికెళ్ళి నెత్తి తడుముకున్నాడు. ఇన్నేళ్ళూ లైటు వేడిని ఆపింది లైటు మంచితనం కాదు, చుట్టకుదురు. అద్దానికి చుట్టకుదురు లేదు కదా. నా ఉత్త నెత్తి ఓర్చుకున్న దీపమే అద్దమూ ఓర్చుకుంటుంది, అనుకున్నాడు.

పొద్దున్నే పట్నం వెళ్ళాడు. లైట్ల దుకాణంలో షావుకారు వెలిగించి చూపించిన ప్రతి దీపాన్నీ నెత్తికి ఆనించుకుని లెక్కపెట్టాడు. ఎలా లెక్కపెట్టాడు? మన ఉప్పు కొలిచేవాళ్ళ లెక్క. మనం కొలిచేటప్పుడు ఒకటి అనం, లాభం అంటాం. ఏడు అనం, ఏడుపొస్తుందని. ఆరున్నొకటి అంటాం. మొదటి దీపం, "లాభం," అని తీసేశాడు. రెండోది, "లాభం, రెండు." మూడోది, "లాభం, రెండు, మూ..." షావుకారు తల పట్టుకున్నాడు.

"ఏమయ్యా, దీపానికి వెలుగు చూస్తారు గానీ ఇదేం బేరం?"

"యెలుగు నా కళ్ళు సూస్తాయి బాబూ. నా నెత్తి కూడా ఒప్పుకోవాల."

మొదటిరోజు దొరకలేదు. రెండోరోజు దొరకలేదు. మూడోరోజు కొనుక్కునేవాళ్ళకంటే సూరిని చూసేవాళ్ళు ఎక్కువయ్యారు. షావుకారు విసిగి, లోపల్నుంచి పలకలాంటి దీపం ఒకటి తెచ్చాడు. ముందు మెంతిగింజల్లాంటి పసుపుచుక్కలు, వీపుకి దువ్వెన పళ్ళలాంటి రేకులు. వెలిగిస్తే దుకాణమంతా తెల్లబడింది. సూరి కళ్ళు పక్కకి తిప్పుకుని, నెత్తికి ఆనించుకున్నాడు.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి."

గోరువెచ్చగా ఉంది, అంతే. వెనక్కి తిప్పి రేకులు ముట్టుకున్నాడు. చుర్రుమంది.

"అదుగో, ఇదీ కాలుతోంది," అన్నాడు షావుకారు.

"కాలకుండా యెలుగెక్కడిది బాబూ? ఇది తన ఏడిని ఈపు మీద మోస్తాంది. ముందునోళ్ళకి సెగ తగల్నియ్యదు. నాకిదే కావాల."

షావుకారు కూతురి పెళ్ళి ఊరేగింపుకి లైటు మోస్తానని మాటిచ్చి, దీపం తెచ్చుకున్నాడు. పెట్టె వెనక చెక్క కోసి రేకులు బయటికి ఉండేలా బిగించాడు. వాటి మీదకి చిన్న ఫ్యాను తిప్పాడు. పెట్టె మీద ఎవరూ ఏదీ పెట్టకూడదన్నాడు. గవర్రాజుని దూరంగా కూర్చోబెట్టాడు.

మూడోసారి. దీపం వెలిగింది. ఊరు లేచి దణ్ణం పెట్టింది. గోడ మీద పైడయ్య నిలబడ్డాడు, నిలువెత్తుకి మూడింతలు. నడక, నవ్వు, చెయ్యి తిప్పడం, అన్నీ కనపడ్డాయి. గైరమ్మ పీట గోడ దగ్గరికి జరుపుకుంది. ఇంకా జరుపుకుంది. ఆమె కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది.

"మావిడిపండు రంగు," అంది. "చిలకల అంచు. ఒరే, అది నా కోక!"

ఊరంతా గోడకేసి చూసింది. తర్వాత సూరికేసి చూసింది. సూరి నేలకేసి చూశాడు. గోడ మీద రాణిగారు నా కోక కట్టుకుని గిర్రున తిరుగుతోంది... నా కోకేమిటి, గైరమ్మ కోక. చూశారా, చెప్తూ చెప్తూ నాకే కోపం వచ్చేస్తోంది.

"మొగుడే దొంగా?" అంది గైరమ్మ. "ఇన్నేళ్ళూ నిన్నడిగానే. నువ్వు నోరు విప్పవేం?"

"సెప్పనని ఒట్టేశాను వదినా. ఆడు పోయాక సచ్చినోడి మీద సాడీ ఎలా సెప్తాను? నేను సెప్పనేదు. దీపం సెప్పింది."

గైరమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. ఏదో మంచి మాట అనబోయింది. సరిగ్గా అప్పుడే గోడ మీద రాణిగారి కొంగు ఎగిరి, పక్కనున్న పెట్రోమాక్సుకి తగిలి, భగ్గుమంది. లైటు కింద బక్కమనిషి ఒకడు నెత్తిన లైటు పడకుండా పట్టుకుని, మరో చేత్తో మంట ఆర్పుతున్నాడు. నున్నటి నెత్తి చూసి ఊరంతా గుర్తుపట్టింది.

గైరమ్మ చెయ్యి వదిలేసింది.

"అయితే కాల్చింది నువ్వేనన్నమాట."

"అందుకే గదా వదినా," అన్నాడు సూరి, "ఈసారి సల్లని దీపం ఎతికి తెచ్చాను."

గైరమ్మ నవ్వింది. కడుపు పట్టుకుని, కూలబడి మరీ నవ్వింది. ఆ క్యాసెట్టు వానలొచ్చేదాకా రోజూ వేయించుకుంది. చూపు ఆగిపోయాక కూడా పెట్టె ముందు కూర్చుని, "ఇప్పుడు కాలుతోందా సూరీ?" అని అడిగేది. "ఇంకా కాల్నేదు వదినా," అనేవాడు.

తర్వాతెప్పుడో సూరి పోయాడు. తల దగ్గర దీపం పెడుతుంటే గైరమ్మ ఆపింది. దీపానికీ నెత్తికీ మధ్య తన చెయ్యి పెట్టి, ఆరున్నొకటిదాకా లెక్కపెట్టింది. "ఇంకాస్త దూరంగా పెట్టండర్రా. బతికినన్నాళ్ళూ మాడిన నెత్తి అది," అంది. ఊరంతా ఏడ్చింది.

అప్పట్నించీ ఆ ఊళ్ళో కొత్త దీపం ఏది తెచ్చినా, వెలిగించి చెయ్యి పెట్టి, లాభం నుంచి ఆరున్నొకటిదాకా లెక్కపెడతారు. సంబంధం చూడ్డానికెళ్ళినా, "కుర్రాడు సూరి నెత్తి ఒప్పుకునే దీపమేనా?" అని అడుగుతారు. ఇక ఏ ఇంట్లో ఏ వస్తువు పోయినా, ఎవరైనా ఎవరి మీదైనా వేలెత్తితే, పెద్దవాళ్ళు ఆ వేలు కిందికి దించుతారు. "ఆగు, సూరి దీపం రానీ," అంటారు.

కథ కొఠారుకి, మనం కూటికి. లేవండి.

ఏమిటి, నా వక్కల సంచా? ఇదిగో, నా బొడ్లోనే ఉంది. నవ్వింది చాలుగానీ, ఆ లైటు కాస్త ఇటు తిప్పండి.